రోగం కాని పేరు

ఆపరేషన్ చేయించుకోనని కమలవ్వ దవాఖాన మెట్లు దిగి వచ్చేసిన దగ్గర పోయిన వారం ఆగాం. దిగిందంటే మామూలుగా దిగలేదు. డాక్టరమ్మ చేతుల గ్లౌజులు తీసేలోపే ఈవిడ రోడ్డు మీదికి వచ్చి ఆటోను ఆపింది. గర్భసంచిలో గడ్డ ఉంది, అందుకే నెత్తురు ఆగడం లేదు, సంచి తీసేసి గడ్డను పరీక్షకు పంపాలి, అది మంచిదో చెడ్డదో అప్పుడు గానీ తెలియదు, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చు అని డాక్టరమ్మ నిదానంగానే చెప్పింది. కమలవ్వ కూడా బుద్ధిగా తలూపింది. కథ అడ్డం తిరిగింది పరదా వెనక.

"మొదటి కాన్పు ఎట్లయిందమ్మా" అని పరీక్ష చేస్తూ డాక్టరమ్మ అడిగింది. "ఇంట్లనే అయింది, నార్మల్" అంది కమలవ్వ. డాక్టరమ్మ ఇంకోసారి వంగి చూసింది. తర్వాత పక్కనున్న చిన్న డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అంది. పరదా ఇవతల అమ్మ చేతిసంచి పట్టుకుని నిలబడ్డ కావేరికి ఆ ఇంగ్లీషులో ఒక్క మాటే స్పష్టంగా చెవిన పడింది. నల్లిపారస్. "నిజంగ నార్మలేనా అమ్మా" అని డాక్టరమ్మ రెండోసారి అడిగేసరికి కమలవ్వ లేచి చీర సర్దుకుంది.

నల్లిపారస్ అనేది అమ్మ రోగం పేరని కావేరి తీర్మానించుకుంది. ఆ పిల్లను తప్పుపట్టలేం. దవాఖానలో, రోగిని చూస్తూ, డాక్టరు నోట నోరు తిరగని మాట ఒకటి వచ్చిందంటే అది రోగం పేరు కాక మరేమవుతుంది? ఇంటికి రాగానే ఫోన్‌లో వెతికింది. తెలుగు చెవితో విన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు కొట్టింది. ఫోను కాసేపు తిరిగి తిరిగి నల్లుల మందు డబ్బా చూపించింది, తగ్గింపు ధరతో సహా.

ఫోను చెప్పకపోతేనేం, ఊళ్లో చెప్పేవాళ్లకు కొదవా? పక్కింటి వినోద విన్నదే తడవుగా వైద్యం చెప్పేసింది. "పొద్దుగాల పరగడుపున పాలల్ల పసుపు ఏసి తాపియ్యే. గా నల్లి ఎటు పోతదో అటు పోతది" అంది. ఆర్మూర్‌లో పుట్టి పెరిగిన మనిషికి పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం, అది పసుపు. కావేరి అంతటితో ఆగలేదు. షార్జాలో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్న అన్న రవీందర్‌కు ఫోన్ చేసి, "అమ్మకు నల్లిపారస్ అట అన్నా" అని ఏడ్చింది. అతను సెలవు పెట్టి బయల్దేరుతున్నాడు.

ఇంత జరుగుతున్నా కమలవ్వ మాత్రం ఆ మాట వినపడిన ప్రతిసారీ మొహం తిప్పుకుంది. ఆపరేషన్ అంటే లేచి వంటింట్లోకి పోయింది. కత్తికి జడిసిందని అందరూ అనుకున్నారు. భర్త దేవిదాస్ కూడా అదే అనుకున్నాడు. పసుపు సీజన్‌లో మార్కెట్ యార్డులో హమాలీకి ఊపిరాడదు కాబట్టి, "నా మాట ఇనదు, మీ అమ్మకు నువ్వే నచ్చజెప్పు బిడ్డా" అని బరువు కూతురి నెత్తిన పెట్టి పోయాడు. మనిషి రోజురోజుకూ పాలిపోతోంది. తల్లి చచ్చిపోతుందేమోనన్న భయంతో కావేరికి అన్నం సహించడం లేదు.

ఇక ఈ వారం సంగతి.

కావేరి డిగ్రీ అయ్యాక మెడికల్ కోడింగ్ నేర్చుకుంటోంది. దవాఖానలవాళ్లు రాసే రోగాలకూ వైద్యాలకూ అంకెల గుర్తులు వేసే ఉద్యోగమది. మామిడిపల్లి చౌరస్తాలో ఎరువుల దుకాణం పైగదిలో భాగ్యలక్ష్మి మేడం నేర్పుతుంది. ఆమె హైదరాబాద్‌లో అదే ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక ఇటు వచ్చింది. కింద నుంచి యూరియా వాసన, కిటికీలోంచి ఉడకబెట్టిన పసుపు వాసన, మధ్యలో ఇంగ్లీషు. మేడం పద్ధతి ఒక్కటే. "మాటను చూసి బెదరొద్దు. కోడిని కోసినట్టు కీలు దగ్గర కొయ్యాలె. ముక్కలు వాటంతట అవే వస్తయి" అంటుంది. మీనింగు తెలిస్తే సగం పనే అయినట్టు, యూసేజీ తెలిస్తేనే పూర్తి అయినట్టు అని కూడా అంటుంది. అందుకే ప్రతి మాటకూ ఎవరో ఒకరు లేచి వాక్యం చెప్పాలి.

ఆ రోజు పాఠం కాన్పుల మాటలు. మేడం బోర్డు మీద వరసగా రాసుకుంటూ పోయి, చివర రాసినదాన్ని నోటితో పలికింది. "నల్లిపారస్."

కావేరి తల గభాలున లేచింది. ఇన్నాళ్లూ ఫోనుకు కూడా దొరకని మాట బోర్డు మీద ఎదురుగా కూర్చుంది. తనకు తెలిసిన మాట ఒకటి మేడం నోట రావడం ఆ పిల్లకు ఆ తరగతిలో అదే మొదలు.

"మేడం, గీ మాట నేను విన్న. మా అమ్మకు ఉన్నది."

"ఏమున్నది?"

"నల్లిపారస్."

మేడం కనుబొమలు ముడిపడ్డాయి. "సరే, సెంటెన్స్‌ల పెట్టి చెప్పు."

కావేరి లేచి నిలబడి, చున్నీ సర్దుకుని, తప్పు రాకుండా కూడబలుక్కుని చెప్పింది. "మై మదర్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ నల్లిపారస్."

మేడం నవ్వింది. ఎగతాళిగా కాదు, అలవాటుగా. "గ్రామర్ మంచిగనే ఉంది. మీనింగే తప్పయింది. ఇప్పుడు మాటను కోద్దాం, చూడు. ఎన్క ముక్క పారస్. అంటే కన్నది, కాన్పయింది అని. ముందల ప్రైమి పెడితే ఒక్కసారి కన్నది. మల్టి పెడితే చానసార్లు కన్నది. నల్లి అంటే ఏంది? నిల్ అంటం కదా, గదే. సున్న. నల్లిపారస్ అంటే ఒక్క కాన్పు కూడ కాని ఆడమనిషి. గది రోగం కాదమ్మా, రోగం పేరు కానే కాదు."

"పెద్దాపరేషన్ చేసి తీస్తే మేడం?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"కోసి తీసినా కాన్పు కాన్పే. లెక్కల ఒకటి పడ్తది. నల్లిపారస్ అంటే కడుపుల పిల్ల నెలలు నిండి బయటికి రానేలేదని అర్థం."

వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. "మరి నువ్వు ఎక్కడికెల్లి వచ్చినవే కావేరీ?"

గది గదంతా నవ్వింది. మేడం కూడా నవ్వాపుకుంటూ డస్టర్ అందుకుంది. నిలబడ్డ కావేరి అలాగే నిలబడి ఉంది. కూర్చోమని పక్కమ్మాయి చెయ్యి పట్టి లాగితే ఆ చెయ్యి తనది కానట్టు చూసింది. డాక్టరమ్మ తప్పు పలుకుతుందా? పరదా వెనక స్వయంగా చూసి, తోటి డాక్టరుకు చెప్పిన మాట. ఒక్క కాన్పు కూడా కాని మనిషి. అమ్మ. అందుకేనా రెండోసారి అడిగింది? అందుకేనా అమ్మ లేచి వచ్చేసింది? తడబడుతూ సంచి భుజానికి తగిలించుకుని, మేడం ఏదో అడుగుతున్నా వినిపించుకోకుండా మెట్లు దిగింది.

సిద్ధులగుట్ట కిందుగా ఉన్న తమ గల్లీ దాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. దారిలో ఎవరో ఆరబోసిన పసుపు కొమ్ముల మీదినుంచి నడిచింది, వాళ్లు తిట్టారు, అదీ తెలియలేదు. తన మొహం ఎవరి పోలికని చిన్నప్పటినుంచీ ఎవరెవరు ఏమేమి అన్నారో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ వచ్చింది. నాయనమ్మ పోలిక అన్నవాళ్లున్నారు. ఎవరి పోలికా రాలేదన్నవాళ్లూ ఉన్నారు. నిన్నటిదాకా ఆ మాటకు నవ్వేది.

కమలవ్వ ముందుగదిలో గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. వద్దంటే వినే మనిషి కాదు. ఒంట్లో నెత్తురు లేదు, చాట ఒళ్లోంచి దిగదు. కూతురు వేళ కాని వేళ రావడం చూసి, "ఏమైందే, క్లాసు లేదా" అంది.

కావేరి తలుపు దగ్గరగా వేసింది. అడగాలనుకున్నది దారంతా అనుకుంటూనే వచ్చింది. తీరా ఎదురుపడేసరికి అవేవీ రాలేదు.

"అమ్మా, నల్లిపారస్ అంటే రోగం కాదటగద."

కమలవ్వ వేళ్లు ఆగాయి. సగం చుట్టిన ఆకు విచ్చుకుని పొగాకు చాటలో రాలింది. ఆమె మొహంలో ఉన్న ఆ కాస్త రంగూ పోయింది.

"ఎవలు చెప్పిండ్రు?"

"మా మేడం. పిల్లలు కనని ఆడోళ్లను గట్లంటరట. డాక్టరమ్మ నిన్ను సూసి అన్నది గా మాట. అమ్మా, నిజం చెప్పు. నన్ను నువ్వు కన్నవా, లేదా?"

కమలవ్వ కూతురి వైపు తేరిపార చూసింది. "నిన్నా?" అంది.

ఆ ఒక్క మాటలో ఎంత ఊపిరి బయటికొచ్చిందో కావేరికి అప్పుడు పట్టలేదు. ఏడుపు ముంచుకొస్తుంటే మనిషికి మాటల్లో తేడాలు వినపడవు.

"నన్నే. మీరు నన్ను ఎక్కడికెల్లి తెచ్చిండ్రు? ఎవరి పిల్లను నేను?"

"పిచ్చిదానా" అంది కమలవ్వ. చాట పక్కకు జరిపి, గోడ పట్టుకుని లేచి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని తన పొత్తికడుపు మీద పెట్టుకుంది. చీర కుచ్చిళ్లు కాస్త కిందికి జరిపి ఆ వేళ్లను గీత వెంబడి నడిపించింది. "గిదేంది?"

"గది పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్‌ది."

"గా ఆపరేషన్‌కు గింత పొడుగు కోస్తరానే? గిది నువ్వు వచ్చిన దారి. నువ్వు కడుపుల అడ్డం తిరిగినవ్. నొప్పులు వస్తే తల్లీపిల్లా ఇద్దరూ దక్కరని చెప్పి, నొప్పులు రాకముందే నిజామాబాద్ దవాఖానల కోసి తీసిండ్రు. మీ బాపు బయట కూసోని ఏడ్సిండట, నవ్వుకుంట చెప్తడు ఇప్పటికి. పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ కూడ గప్పుడే చేసిండ్రు, గదే కోతల. ఆపరేషన్ ఆపరేషన్ అంటుంటే నువ్వు గదొక్కటే అనుకున్నవేమో. పోయి అడుగు మీ బాపును, యార్డులనే ఉన్నడు."

కావేరి అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఆ గీత మీద చెయ్యి అలాగే ఉంచి, తల్లి భుజం మీద తల వాల్చి ఏడ్చింది. పోయిన ప్రాణం తిరిగొచ్చిన ఏడుపది. తను ఈ మనిషి కూతురే. దారిపొడుగునా తనకు తల్లి లేదనుకుంటూ నడిచింది కాబట్టి ఇప్పుడు కొత్తగా పుట్టినంత సంతోషంగా ఉంది. కమలవ్వ ఆమె వీపు నిమిరి, "ఇంగ్లీషు సదువు తల్లికి పెట్టిన సెగ గిదేనా" అని నవ్వింది కూడా. వారం తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ నేర్చుకునే పిల్లకు అనుమానం ఒకటి మిగిలిపోయింది. కోసి తీసినా కాన్పు కాన్పేనని మేడం అన్నది. అమ్మకు కోసి తీశారు. మరి డాక్టరమ్మ ఆ మాట ఎందుకు అన్నట్టు? తప్పు పలికిందేమో, తప్పయితే ఆపరేషన్‌కు వేరే డాక్టరు దగ్గరికి పోవాలేమో అని కావేరికి తోచింది. అమ్మ ఎదుటే భాగ్యలక్ష్మి మేడంకు ఫోన్ చేసింది.

"ఏమైందమ్మా, ఊకనే లేచి పోయినవ్. నవ్విండ్రని కోపమా?"

"కోపం లేదు మేడం. ఒక డౌటు. ఆపరేషన్‌తోటి పిల్లను కన్నామెను డాక్టరు నల్లిపారస్ అంటదా?"

"మనిషిని అనదు. కానీ లోపల పరీక్ష చేసేటప్పుడు గర్భసంచి ద్వారాన్ని సూసి గా మాట అంటరు. గిదే యూసేజీ అంటే. మీనింగు ఒకటి, డాక్టర్ల వాడకం ఇంకొకటి. నొప్పులు రాకముందే కోసి తీస్తే పిల్ల గా దారిన రాదు కదా, అందుకని ద్వారం కన్ననోళ్లకు ఉన్నట్టు సాగి ఉండదు, గుండ్రంగ చిన్నగ కనని ఆడోళ్లకు ఉన్నట్టే ఉంటది. నల్లిపారస్ ఆస్ అంటరు. ఆస్ అంటే నోరు, ద్వారం. డాక్టరు తప్పేం అనలేదు."

కావేరి మొహం విప్పారింది. "గంతేనా మేడం. మా అమ్మకు అట్లనే అయింది, నన్ను కోసి తీసిండ్రు."

"మరి గందుకే. నువ్వొక్కదానివేనా? ఒక్కటంటే ఒక్క నార్మల్ డెలివరీ అయినా గా ద్వారం మల్ల అట్ల ఉండదు. అడ్డం చీలినట్టు అయితది. డాక్టర్లకు సూడంగనే తెలుస్తది."

మేడం రెండుసార్లు హలో అని పెట్టేసింది.

ఒక్కటంటే ఒక్క నార్మల్ డెలివరీ అయినా.

ఇంట్లనే అయింది, నార్మల్.

భీమ్‌గల్‌లో అమ్మమ్మ ఇంట్లో, మంత్రసాని చేతిలో, అర్ధగంటలో పుట్టాడని రవీందర్ గురించి అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నిన్ను మోసుడే కష్టమైంది, వాడు పువ్వు లెక్క వచ్చిండు అని కావేరిని ఏడిపించేది. పండక్కీ పబ్బానికీ, చుట్టాలొచ్చినప్పుడు, అడిగినా అడగకపోయినా చెప్పేది. అడగకపోయినా ఎందుకు చెప్పేదో కావేరికి ఇప్పుడు అర్థమవుతోంది. ఆ "నిన్నా?" అన్న మాట కూడా ఇప్పుడు వినిపించింది.

ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే తల్లి వైపు చూసింది. కమలవ్వ కూతురి మొహాన్నే చూస్తోంది. బడికి పోని మనిషే గానీ, మొహాలు చదవడంలో ఆమెను మించినవాళ్లు ఆ గల్లీలో లేరు.

"అన్నను..." అంది కావేరి. "అన్నను నువ్వు కనలేదా?"

కమలవ్వ కింద కూర్చుంది. చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఒక ఆకు తీసుకుంది, పొగాకు పెట్టకుండానే చుట్టింది, విప్పింది. ఆ చేతులు అలా వృథాగా ఆడడం కావేరి ఎన్నడూ చూడలేదు.

"మెల్లగ మాట్లాడు. వినోద ఇంటది" అంది చివరికి.

అంటే నిజమే. కావేరి అక్కడే నేలమీద కూలబడింది. కననిది తనను కాదని తేలినప్పుడు ఎంత సంతోషించిందో తల్చుకుంటే సిగ్గేసింది. ఆ సంతోషం అన్న వాటా నుంచి తీసుకున్నదని ఇప్పుడు తెలిసింది.

"పెండ్లైనంక నాకు రెండుసార్లు కడుపు పోయింది" అని కమలవ్వ చాటకేసి చూస్తూ చెప్పసాగింది. "మూడోసారి నెల తప్పినంక మీ బాపు దుబాయ్ పోయిండు. మా అత్త ఒక్కటే మాటన్నది. గీసారి గిట్ల పోతే వాడు రాంగనే ఇంకో పిల్లను తెచ్చి చేస్త అన్నది. నన్ను తోలిచ్చుడు గాదు, నా ఎదుటనే ఇంకోదాన్ని తెచ్చుడు. నాలుగో నెలల గది కూడ పోయింది. మా అవ్వకు తప్ప ఎవలకు చెప్పలె. భీమ్‌గల్లనే ఉండిపోయిన. కడుపుకు బట్ట కట్టుకొని తిరిగిన. నెలలు నిండే యాళ్లకు మా అవ్వ ఒకనాడు పొత్తిళ్ల పిల్లగాన్ని తెచ్చి నా ఒళ్లె ఏసింది. నీ కొడుకు, ఎత్తుకో అన్నది. ఎత్తుకున్న."

"ఎవరి పిల్లగాడు?"

"గది అడగకు."

"అమ్మా."

"అడగకన్న గద. చెప్ప."

"బాపుకు ఎరుకనా?"

"మీ బాపు దుబాయ్‌కెల్లి వచ్చేసరికి వాడు నడుస్తుండె. గుమ్మంల కొడుకును ఎత్తుకున్నడు మనిషి. గియ్యాల్టిదాక దించలే." కమలవ్వ తలెత్తింది. "ఎట్ల చెప్పుదునే? నువ్వయితే ఎట్ల చెప్దువు?"

కావేరికి కోపమొచ్చింది. ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంటి మధ్యలో పెట్టుకుని ఇన్నేళ్లు అందరికీ అన్నం వడ్డించిన తల్లి మీద కోపం. ఆ కోపాన్ని ఎక్కడ చూపించాలో తెలియక అసలు విషయానికి వచ్చింది.

"గందుకేనా ఆపరేషన్ వద్దంటున్నవ్?"

"మరి? బయటికెల్లి సూస్తెనే డాక్టరమ్మ పట్టేసింది. కడుపు కోసి సంచి చేతుల పట్టుకున్నంక దాగుతదా? బయటికొచ్చి మీ బాపుకు చెప్తది. మీ అన్న వస్తుండు, వాని ఎదుట చెప్తది. నీకు ఒక్కతే బిడ్డ, గీ పిల్లగాడెవడు అంటది."

"సంచి మీద పేర్లు రాసి ఉంటయా అమ్మా?"

"రాయకుంటేనే ఆమెకు ఎట్ల ఎరుకైంది?"

చదువుకోని తల్లి వాదన ముందు చదువుకున్న కూతురు ఓడిపోయింది. డాక్టర్లు రోగి గుట్టు ఊరికి చెప్పరని, చెప్పకూడదని, అదీ పాఠంలో ఉందని నచ్చజెప్పబోయింది. కమలవ్వ వినలేదు. గడ్డ చెడ్డదైతే నువ్వు చచ్చిపోతావని చెప్పింది. "కొడుకు తల్లిగనే పోత, ఏమైతది" అంది కమలవ్వ. బెదిరింపు కాదది. ఆమె ఎప్పుడో నిశ్చయం చేసుకుని కూర్చుంది.

"గా ఇంగ్లీషు మాటల పెంచుడు లెక్కకు రాదా?" అని కమలవ్వ ఉన్నట్టుండి అడిగింది. "టైఫాయిడ్ వచ్చి వాడు నెలంత లేవకుంటే నేను చేసింది ఏ లెక్కల పడ్తది? సున్న అంటదా మీ మేడం?"

"లెక్కకు రాదమ్మా. గా మాటల రాదు" అంది కావేరి ఏడుస్తూ. "గా మాటను నేనే ఊరంత చెప్పుకుంట తిరిగిన. నాదే తప్పు. నువ్వు ఆపరేషన్ చేయించుకో. నేను ఎవ్వలకు చెప్ప. డాక్టరమ్మతోటి ముందుగాల్నే నేను మాట్లాడ్త. అన్నను, బాపును లోపటికి రానియ్య."

గల్లీలో పసుపు బస్తాల ట్రాలీ వెళ్లిన చప్పుడు, వినోద ఎవరినో పిలిచిన చప్పుడు వినిపించాయి. తర్వాత కమలవ్వ కూతురి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"ఒట్టెయ్యి. మీ అన్నకు నీ నోట గీ ముచ్చట తెల్వద్దు. వానికి తెలిసిందో, గా బల్ల మీద నేను పండ. గంతే."

"ఒట్టు" అంది కావేరి.

"రేపే పోదాం పా మరి" అంది కమలవ్వ.

ఎన్ని రోజుల్నుంచి ఎంతమంది బతిమాలినా రాని మాట అది. కావేరి కళ్లు తుడుచుకుని, తల్లి మనసు మారకముందే డాక్టరమ్మకు కబురు చేద్దామని ఫోను తీసింది. తీసిన ఫోను చేతిలోనే మోగింది. అన్న.

"ఎత్తు" అంది కమలవ్వ. "ఆపరేషన్‌కు ఒప్పుకున్ననని చెప్పు. సంబురపడ్తడు."

కావేరి ఎత్తింది. అవతల విమానాశ్రయం సందడి, అరబ్బీలో ప్రకటనలు. రవీందర్ గొంతు మెల్లగా ఉంది. మామూలుగా ఫోన్‌లో అరిచి మాట్లాడే మనిషి.

"చెల్లె, అమ్మ పక్కన ఉన్నదా?"

"ఉన్నది. అన్నా, అమ్మ ఆపరేషన్‌కు..."

"జర బయటికి రా. ఆమెకు ఇనవడొద్దు."

కావేరి తల్లి వైపు చూసి, సిగ్నల్ రావడం లేదన్నట్టు సైగ చేసి గుమ్మం దాటింది. కమలవ్వ చూపు వెంటే వచ్చింది.

"మా క్యాంపు క్లినిక్కుల కేరళ నర్సమ్మ ఉన్నది" అన్నాడు రవీందర్. "అమ్మకు నల్లిపారస్ అట, మందులేమన్న ఉంటే కొనుక్కపోత అని అడిగిన. మీ అమ్మకు ఎంతమంది పిల్లలు అన్నది. ఇద్దరమన్న. అయితే నువ్వు తప్పిన్నవ్ అన్నది. కాదు, డాక్టరే అన్నదట అని చెప్పిన. ఆమె మొఖం ఎట్లనో అయింది. మస్తు అడిగితే గప్పుడు అర్థం చెప్పింది." ఆగాడు. "నువ్వు సరిగ్గ విన్నవా చెల్లె? డాక్టరు గదే మాటన్నదా?"

కావేరి తలుపు చెక్క పట్టుకుంది. లోపల చాట ముందు తల్లి మెడ సాచి ఇటే చూస్తోంది. తప్పు విన్నానని చెబితే సరిపోతుంది. ఒక్క మాట. నోరు మాత్రం తెరుచుకోలేదు.

"చెప్పకు, తియ్యి. నువ్వు సప్పుడు చేస్తలేవంటెనే తెలుస్తుంది" అన్నాడు రవీందర్. "రాత్రంత నిద్ర పట్టలే. నాకంటె నీ ఫికరే ఎక్కువైంది. చిన్నపిల్లవు, ఒక్కదానివే ఉన్నవ్ గక్కడ. గందుకే ఫ్లైట్ ఎక్కేముందు చేసిన. అమ్మను ఏం అడగకు, ఆమె పానం మంచిగ లేదు. నేను రేపు పొద్దున దిగినంక నువ్వు నేను కూసోని మాట్లాడుకుందాం. నువ్వు భయపడకు కావేరీ. మనిద్దరం ఎవలకు పుట్టినా గానీ, నువ్వు నాకు చెల్లెవు, నేను నీకు అన్నను. గదొక్కటి మారదు గద?"